సమంగా కత్తిరించిన కాళ్లు

మా అమ్మాయికి కొత్తగా ఈ సర్క్యూట్ల పిచ్చి పట్టుకుంది. ట్యాంకు నిండగానే కుయ్యిమని మోగే పరికరం తనే చేస్తానంది. కరెంటు అన్న మాట వింటేనే నాకు భయం. షాక్ కొడితే? కళ్లు పోతే? ఇల్లు అంటుకుంటే? ఏది కొనాలో నాకేం తెలుసు, నేను చదివింది ఏడో తరగతి. అది కొట్టుకెళ్లి తనే చూసి తెచ్చుకుంటానంటే నేనే అడ్డుపడ్డాను. టీవీలు బాగుచేసే మీ మామయ్యకన్నా తెలిసినవాళ్లెవరు, వాడే ఎంచి ఇస్తాడన్నాను. నా మాట మీద ఊరుకుంది.

మా తమ్ముడు డబ్బా నిండా సామాను పంపాడు. అందులో కెపాసిటర్లట, కరెంటు దాచుకునే చిన్న గొట్టాలు; వాటి తీగ కాళ్లు రెండూ సమంగా, పొట్టిగా ఉన్నాయి. పిల్లకి గుచ్చుకోకుండా కత్తిరించాడు కాబోలు, ఎంత జాగ్రత్తో అని మురిసిపోయాను కూడా.

అన్నీ అతికించి అడాప్టర్ పెట్టిన కాసేపటికే ఒక కెపాసిటర్ ఠప్పున పేలింది. ముక్క పిల్ల చెంప పక్కనుంచి పోయింది. అదేమో తప్పు తనదేననుకుని, నాకిక చేతకాదులే అని డబ్బా మూసేసింది.

ఆ ముఖం చూడలేక, డబ్బా తీసుకుని, దాన్ని వెంటబెట్టుకుని ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్లాను. కొట్టాయన ఒక కెపాసిటర్ తీసి వెలుతురులో తిప్పి చూశాడు. కొత్తదానికి ఒక కాలు పొడుగ్గా ఉంటుందట, అదే ప్లస్సట. ఇవి పాత బోర్డుల్లోంచి పీకి, కాళ్లు కత్తిరించినవట. మైనస్ వైపు గీత కూడా వేడికి చెరిగిపోయింది. ఏ వైపు ఏదో తెలిసేదెలాగమ్మా, తిరగేసి పెడితే పేలిపోతుంది మరి అన్నాడు.

అటునుంచి అటే తమ్ముడి దుకాణానికెళ్లి నిలదీశాను. వాడు చేతిలోని స్క్రూడ్రైవర్ కూడా కింద పెట్టలేదు.

"నువ్వేగా అక్కా అన్నావు, దీనికి ఈ పిచ్చి వదిలితే చాలురా అని? రెండుసార్లు చెడిపోతే అదే మానేస్తుందనుకున్నా."

"కళ్లు పోయుంటే ఏం చేసేవాడివిరా? తోడబుట్టినవాడివని నమ్మాను."

"మా అక్క భయాలకి ఫ్యూజు ఉండదు," అని నవ్వాడు వాడు.

నా పక్కనున్నది నవ్వలేదు. "నువ్వు అలా అన్నావా అమ్మా?" అని అడిగింది.

అన్నాను మరి. ఫోన్లో, ఏదో దిగులులో. పాడు సామాను ఇమ్మని మాత్రం అనలేదని చెప్పబోయేసరికి మెట్లు దిగిపోయింది.

ఇప్పుడు అన్నీ తనే ఎంచి కొనుక్కుంటోంది. తలుపు వేసుకుని చేసుకుంటోంది. పొగ వాసనొస్తే తలుపు కొడతాను. ఏం లేదమ్మా అంటుంది. తీయదు.