రెల్లుకొంగను చూసిన ఇద్దరు

పక్షుల మీద ప్రేమతో ఆ నడకలకు వెళ్ళానని చెబితే కళ్ళు పోతాయి. నేను వెళ్ళింది మనుషుల కోసం.

ముప్పై మూడేళ్ళు ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి ఊళ్ళోవాళ్ళ రక్తంలో కణాలు లెక్కపెట్టాను. రిటైరయ్యాక అమ్మను చూసుకున్నాను. నిరుడు అమ్మ పోయింది. పెళ్ళి జోలికి నేను పోలేదు, అదీ నా జోలికి రాలేదు. చెల్లెలు నెలకోసారి ఫోన్ చేసి బీపీ ఎంతుందని అడిగి, కుక్కర్ కూసిందంటూ పెట్టేస్తుంది. ఒక్కోరోజు సాయంత్రం పాలప్యాకెట్ కొనడానికి నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి అప్పుడు తెలిసేది.

అలాంటి రోజుల్లో మందుల షాపు అద్దానికి అంటించిన కాగితం చూశాను. "ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి చెరువు దగ్గర పక్షులను చూద్దాం. ఎవరైనా రావచ్చు." ఆ 'ఎవరైనా' అన్న మాట నన్ను లాక్కెళ్ళింది.

నడిపించే ఆయన సిటీ బస్సు డ్రైవరు. వారమంతా హారన్ కొట్టే మనిషి ఆదివారం గుసగుసగా మాట్లాడేవారు. మేమంతా డ్రైవరుగారు అనేవాళ్ళం. ఏ ఆదివారం ఏ పక్షి ఎన్ని కనిపించాయో పదకొండేళ్ళుగా పొడుగాటి నోటుపుస్తకాల్లో రాసిపెట్టారు. ఆయన నియమం ఒకటే: అరుదైన పక్షి ఏదైనా ఇద్దరు చూస్తేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. "ఒక్క కంటిని నమ్మకూడదమ్మా. నా కన్నయినా సరే" అనేవారు.

పదిమందిమి ఉండేవాళ్ళం. పక్షిని ముందుగా ఎవరు చూపిస్తే అందరూ వాళ్ళ చుట్టూ మూగేవారు. నడక అయ్యాక గట్టు గోడ మీద కూర్చుని, ఫ్లాస్కుల్లో టీ వంచుకుంటూ మళ్ళీ అదే ముచ్చట. ఏడు వారాలు వెళ్ళాను. నేను చూపించింది ఒక్క కాకిని. అందరూ మర్యాదగా తలూపారు. జానెడు దూరంలో కణాలు చూడటానికి అలవాటుపడ్డ కన్నుకు కొమ్మ మీది పిట్ట ఆనేది కాదు. నేను పిట్ట అన్నది ఆకయ్యేది, ఆకు అన్నది ఎగిరిపోయేది. టీ దగ్గర నా పక్కన కూర్చునేది నా చేతిసంచి ఒక్కటే.

ఎనిమిదో ఆదివారం కాలేజీ అమ్మాయి ఒకతె కొత్తగా వచ్చింది. వచ్చిన పావుగంటకే లకుముకిపిట్టను చూపించింది. ఇక చూడాలి, అందరూ బెల్లం చుట్టూ ఈగల్లా మూగారు. ఏడు వారాల్లో నన్ను ఊరూ పేరూ అడగనివాళ్ళు ఆ పిల్ల ఏ సబ్జెక్టు చదువుతోందో కనుక్కున్నారు. నాకు కడుపు మండింది. నోరు నా చేతిలో లేకుండా పోయింది.

"అదిగో! రెల్లుకొంగ!" అన్నాను చెయ్యెత్తి.

రెల్లుకొంగ అంటే రెల్లుపొదల్లో దాక్కునే గోధుమరంగు కొంగ. మనిషి అలికిడి వింటే మెడ నిలువునా చాచి, తనూ ఒక రెల్లుకాడలా నిలబడిపోతుందట. ఆ చెరువులో అది కనిపించి నాలుగేళ్ళయింది. డ్రైవరుగారు ప్రతివారం దాని సంగతి చెప్పకుండా ఉండేవారు కాదు కాబట్టి వర్ణనంతా నాకు కంఠతా వచ్చు.

అందరూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "మెడ మీద చారలున్నాయా?" "నిలువు చారలు." "ఎటు పోయింది?" "లోపలికి." ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. ఒంటి మీద మరో మనిషి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో!

ఐదు నిమిషాలు బైనాక్యులర్లన్నీ రెల్లును జల్లెడ పట్టాయి. "ఇంకెవరైనా చూశారా?" అన్నారు డ్రైవరుగారు. అందరూ తల అడ్డంగా ఊపారు. బతికానురా అనుకున్నాను. నా ఒక్కదాని మాట పుస్తకంలోకి ఎక్కదు, ఎవరికీ నష్టం లేదు.

"నేను చూశాను" అని వెనకనుంచి వినిపించింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన. అన్ని వారాల్లో ఆయన నోట పది మాటలు విన్నది లేదు. "ఒక్క క్షణమే. మేడమ్ గారు చూపించిన చోటే" అన్నారు.

డ్రైవరుగారు పుస్తకంలో రాసుకున్నారు. అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. మరి ఈయన దేన్ని చూసినట్టు?

ఆ రోజు టీ దగ్గర అందరూ నా నంబరు తీసుకున్నారు. ఆ వారమంతా ఫోను మోగింది. కాలేజీ అమ్మాయి చేసింది. టీ బృందంలో పేరైనా తెలియని ఒకావిడ చేసి, కొంగతో మొదలుపెట్టి కోడలి దాకా వచ్చింది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని ఊఁ కొట్టాను. దొంగసొమ్మని తెలిసీ తింటుంటే తియ్యగానే ఉంది. ఉన్నమాట ఎందుకు దాచాలి, సంతోషంగా ఉన్నాను.

బుధవారం డ్రైవరుగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీరు మా చెరువును కాపాడారు" అన్నారు. రెల్లంతా కోసేసి దీపాలతో నడకదారి వేయాలని చెరువుల ఆఫీసు ఎప్పుడో నిర్ణయించింది. అందులో గిజిగాళ్ళున్నాయి, నీటికోళ్ళున్నాయి అని ఈయన మొత్తుకుంటే, అవి ఎక్కడైనా ఉంటాయి పొమ్మన్నారు. రెల్లుకొంగ అలా కాదు. అది ఉన్న చోట రెల్లు ముట్టుకోకూడదని వాళ్ళ రూలే ఉంది. "చూసిన ఇద్దరూ శనివారం వచ్చి సంతకం పెడితే పని ఆపేస్తామన్నారమ్మా. రోజూ డ్యూటీకి ముందు వెళ్ళి చూస్తున్నాను, నాకు మాత్రం కనబడట్లేదు. నా రాత" అని నవ్వారు.

ఫోన్ పెట్టేసి గోడవైపు చూస్తూ కూర్చున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మర్నాడు గడియారాల షాపుకు వెళ్ళాను.

మేడమెట్ల కింద ఇరుకు గది. గోడనిండా గడియారాలు, ఒక్కోదానిదీ ఒక్కో టైము. "బాగుచేయించుకుని తీసుకెళ్ళనివి" అన్నారాయన, నేను అడక్కుండానే. కంటికి బిగించిన భూతద్దం తియ్యలేదు.

"అక్కడ కొంగ లేదండీ. నేను అబద్ధం ఆడాను. మీరెందుకు చూశానన్నారు?" అని సూటిగా అడిగేశాను.

ఒక చిన్న చక్రాన్ని పట్టకారుతో పైకెత్తారు. ఆ తర్వాత దానికే చెబుతున్నట్టు చెప్పారు.

"మా ఆవిడ చివరి నెల ఆసుపత్రిలో ఉంది. కిటికీవైపు చెయ్యెత్తి అదిగో చూడండి, అదిగో చూడండి అనేది. అక్కడేం లేదు, కళ్ళు మూసుకుని పడుకో అనేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నా అదే అన్నాను. చివరికి చెయ్యెత్తడం మానేసింది. మొన్న మీరు చెయ్యెత్తారు. అందరూ రెల్లువైపు చూశారు, నేను మీ మొహం చూశాను. ఇంకోసారి ఏమీ లేదనడం నావల్ల కాలేదు."

"శనివారం సంతకం పెట్టాలట."

"పెడతాను" అన్నారు.

శనివారం ముగ్గురం చెరువుల ఆఫీసులో ఇంజనీరు బల్లముందు కూర్చున్నాం. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆయన. డ్రైవరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదకొండు నోటుపుస్తకాలూ సంచిలో మోసుకొచ్చి బల్లమీద పేర్చారు. గడియారాల ఆయన చెయ్యి వణక్కుండా సంతకం పెట్టారు. కాగితం నావైపు జరిగింది.

ఇంజనీరు ఒక పుస్తకం తిరగేస్తూ, "ఇవన్నీ నిజంగా చూసినవేనా, లేక ఉబుసుపోక రాసినవా?" అన్నాడు.

"ఒక్క తప్పుంటే అన్నీ తగలబెట్టెయ్యండి సార్" అన్నారు డ్రైవరుగారు.

పెన్ను చేతిలో ఉంది. సంతకం పెడితే గిజిగాళ్ళకు ఇల్లుంటుంది, నాకు ఆదివారాలుంటాయి. ఈ పెద్దాయన మనసూ చల్లబడుతుంది. లోకంలో ఒక్కరికి కూడా నష్టం లేని అబద్ధం. ముప్పై మూడేళ్ళలో రిపోర్టు మీద లేని కణం ఒక్కటి వెయ్యలేదు నేను. అదే అడ్డం పడిందో, ఆ పుస్తకాల దొంతరే అడ్డం పడిందో, పెన్ను కింద పెట్టేశాను.

"అక్కడ పక్షి లేదండీ. నేను కల్పించాను" అన్నాను.

డ్రైవరుగారు నావైపు తిరగలేదు. ఇంజనీరు పెద్దాయనను చూశాడు. "మరి తమరు?"

పొరపాటు పడ్డానంటారనుకున్నాను. "నేను చూశాను" అన్నారాయన.

"ఒక్కరిది చెల్లదు" అంటూ ఇంజనీరు ఆ కాగితాన్ని రెండుగా చింపేశాడు.

పెద్దాయన లేచి, కుర్చీని మళ్ళీ బల్లకిందికి తోసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వరండా బెంచీ మీద డ్రైవరుగారు పుస్తకం తెరిచి ఆ పంక్తి కొట్టేశారు.

"ఎందుకమ్మా ఇలా చేశారు?"

"మీరంతా నాతో మాట్లాడతారని."

"అడిగితే మాట్లాడేవాళ్ళం కదమ్మా!"

"అడగడం చేతకాలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయనకు డ్యూటీ టైమైంది.

ఆ తర్వాత ఫోను మోగలేదు. గురువారం రెల్లు కోసే యంత్రం వచ్చిందని మందుల షాపులో విని వెళ్ళాను. మనవాళ్ళంతా గట్టుమీద ఉన్నారు. కాలేజీ అమ్మాయి నన్ను చూసి చూపు తిప్పుకుంది. నేను పదడుగుల దూరంలో నిలబడ్డాను. డ్రైవరుగారు అందరికీ పనులు పంచుతున్నారు. ఎన్ని పక్షులకు గూడు పోయిందో లెక్క ఉండాలట.

"మేడమ్, ఎడమవైపు మీరు" అన్నారు, మొహం చూడకుండా.

లెక్కపెట్టాను. అదొక్కటే నాకు వచ్చిన పని. గిజిగాళ్ళు నూట ముప్పై ఎనిమిది. నీటికోళ్ళు తొమ్మిది, వాటిలో రెండు పిల్లలతో. గిజిగాళ్ళు లేచి పైన తిరిగి, మళ్ళీ దిగబోయి, దిగడానికి కాడలు లేక మళ్ళీ లేచాయి. నేను సంతకం పెట్టి ఉంటే అవి ఇవాళ ఇక్కడే ఉండేవి. నిజం చెప్పినందుకు ఇంత సిగ్గుపడతానని ఎప్పుడూ అనుకోలేదు. చివరి వరస పడేదాకా రెల్లుకొంగ లేస్తుందేమోనని చూశాను. లేస్తే, పక్షి లేదన్నందుకు నేను మళ్ళీ అబద్ధాలకోరునయ్యేదాన్ని, ఎంత బాగుండేదో! అది లేవలేదు. అంకెలు కాగితం మీద రాసి డ్రైవరుగారి చేతికిచ్చాను. ఆయన జేబులో పెట్టుకున్నారు. ఆదివారం రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

పెద్దాయన ఆ రోజు రాలేదు. ఇంటికి పోవాల్సిన కాళ్ళు మేడమెట్ల కింద గదికి తీసుకెళ్ళాయి. ఆయన వంగి పని చేసుకుంటున్నారు.

"రెల్లు కోసేశారండీ."

"తెలుసు."

"కొంగ లేవలేదు."

చెప్పాల్సింది అయిపోయింది, వెళ్ళిపోవచ్చు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ రోజు మీకేం కనిపించిందో చెప్పండి."

ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు చూశారు. "అక్కడేం లేదని మీరే అన్నారుగా?"

"అన్నాను. మీకేం కనిపించిందని అడుగుతున్నాను."

మెల్లిగా కంటి మీది భూతద్దం తీసి బల్లమీద పెట్టారు. చేతులు తుడుచుకున్నారు.

"నిలబడి ఉంది. బాగా సన్నబడిపోయింది. నన్ను చూసింది కానీ భయపడలేదు" అన్నారు.

ఎవరి గురించి చెబుతున్నారని నేను అడగలేదు.

"తర్వాత?" అన్నాను.