బొమ్మల పుస్తకాలకు ఖాకీ చొక్కాలు

సుబ్బరాజుగారు మంచివారు. ఊళ్లో ఎవర్నడిగినా ఆ ముక్కే చెబుతారు. చెప్పి, ఓ నిట్టూర్పు విడుస్తారు. ఆయన మంచితనం గోదావరి వరదలాంటిది. ఆపడం ఎవరి తరమూ కాదు, ఇళ్లలోకి వచ్చేస్తుంది. వెనకటికి ఆయన తోటలో కొబ్బరికాయలు దింపుతూ దొరికిపోయిన దొంగని కిందకి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, వారం పాటు భోజనం పెట్టి పంపించారట. ఆ దొంగ మళ్లీ చెట్టెక్కలేనంత లావైపోయి, చేసే పని మానుకుని రావులపాలెంలో అరటిగెలల వ్యాపారంలో దిగాడని చెప్పుకుంటారు. అబద్ధమనుకుంటే రావులపాలెం వెళ్లి చూసుకోండి. అక్కడ లావుపాటి వ్యాపారులకి కొదవలేదు.

అలాంటి మంచితనం ఈసారి ఊరి గ్రంథాలయం మీదకి మళ్లింది. ఉమామహేశ్వరి ప్రాణానికొచ్చింది.

రాజోలుకి దగ్గర్లోని ఆ ఊరి గ్రంథాలయంలో ఉమామహేశ్వరిది పుస్తకాలు సర్ది, పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే ఉద్యోగం. మొగుడు కువైట్లో ఉంటాడు. ఆమె మాత్రం వెనకగదిలో పిల్లల మధ్య ఉంటుంది. కిందటేడు అమలాపురం ఆఫీసువారు ఆ గదికి బొమ్మల పుస్తకాలు పంపించారు. మన దేశంలో ఏ మూల బొమ్మలేసేవాళ్లున్నారో ఆ మూల నుంచల్లా వచ్చాయి. ఒకదాంట్లో రాజస్థాన్ ఒంటె జోళ్లు తొడుక్కుని నడుస్తుంది. ఇంకోదాంట్లో బెంగాల్ మొసలి పళ్లు తోముకుంటుంది. కొండల్లోని వెదురుపొదలూ, కేరళ పడవలూ, అన్నీ ఉన్నాయి. కథలు మాత్రం తెలుగులో ఉంటాయి.

పిల్లలకి బొమ్మలేసినవాళ్ల పేర్లు నోరు తిరగవు. అందుకని వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. ముక్కులు పొడుగ్గా వేసే ఆవిడ ముక్కులావిడ. ఏ బొమ్మలోనైనా ఓ మూల పిల్లిని దాచిపెట్టే ఆయన పిల్లాయన. ఎవరు నవ్వినా దవడలు ఉబ్బించేసే ఆయన బూరెల తాతగారు. ఇంకా ఒత్తులు దిద్దని పిల్లలు కూడా దూరం నుంచి అట్ట చూసి, "అది పిల్లాయనదండీ" అని చెప్పేసేవారు.

అయితే ఆ పుస్తకాలు ఏడాది అరువు మీద వచ్చినవి. ఏడాది తిరిగాక అమలాపురం నుంచి అధికారి వచ్చి చూస్తాడు. పిల్లలు చదువుతున్నారనుకుంటే ఊళ్లోనే ఉంచేస్తాడు. లేదంటే వ్యాన్‌లో వేసుకుని ఇంకో ఊరికి పట్టుకుపోతాడు. పుస్తకాలు ఇంటికిచ్చే ఏర్పాటు లేదు, అక్కడే కూర్చుని చదవడమే. అంచేత చదివారనడానికి కాగితం మీద సాక్ష్యం ఏమీ లేదు. అందుకే అధికారి వచ్చే రోజునే ఉమామహేశ్వరి బొమ్మల పుస్తకాల పండగ పెట్టింది. ఒక్కో పిల్లా ఒక్కో పిల్లాడూ తనకిష్టమైన పుస్తకం ఎత్తిపట్టుకుని, కథేమిటో, బొమ్మలెవరు వేశారో చెప్పాలి. నెల్లాళ్లుగా పిల్లలు నిద్దట్లో కూడా అవే చెబుతున్నారు.

పండగనాటి పొద్దున్న తాళం తీసి గదిలో అడుగుపెట్టేసరికి, దారి తప్పి పోలీస్ స్టేషన్లోకి వచ్చానేమో అనుకుందామె. బీరువాల నిండా ఖాకీ. ఒంటె లేదు, మొసలి లేదు. అన్ని పుస్తకాలకీ ఒకే రంగు అట్టలు, ఒకే రకం ఖాళీ లేబుళ్లు.

"ఎలా ఉందమ్మా?" అంటూ వెనకనించి వచ్చారు సుబ్బరాజుగారు. ఆయన గ్రంథాలయం కమిటీ ప్రెసిడెంటు. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"ఏంటండీ రాజుగారూ ఇది?"

"నిన్న సాయంత్రం నువ్వెళ్లింతరవాత కుర్రాళ్లని కూచోబెట్టేను. మైదా ఉడకేయించి, వరసపెట్టి అట్టలు వేయించేసేను. పండగపూటా మనం కొత్తబట్టలు కట్టుకుంటాం గదా, పుస్తకాలేం పాపం చేసుకున్నాయి చెప్పు?"

"బొమ్మలు కనపడట్లేదండీ."

"ఎక్కడికి పోతాయమ్మా? లోపల భద్రంగా ఉన్నాయి. మా చిన్నప్పుడు అట్ట లేని పుస్తకం పట్టుకెళ్తే మా మేష్టారు తొడపాశం పెట్టేసేవారు. ఇప్పటికీ ఆ మచ్చ ఉంది, చూపించేది కాదు గాని."

"ఇవి బళ్లో పుస్తకాలు కాదండీ! చదవడం రాని పిల్లలు పైనున్న బొమ్మ చూసే తీసుకుంటారండీ. ఇప్పుడు ఏది ఏదో నాకే తెలీట్లేదు."

"లేబుళ్లున్నాయి గదా, నిదానంగా పేర్లు రాసుకుందువుగాని. అన్నట్టు, లోపల కూడా బాగుచేయించేను. వేలిముద్రలన్నీ రబ్బరు పెట్టి చెరిపించేను. మడతలు పడ్డ కాగితాలు ఇస్త్రీ చేయించేను."

ఉమామహేశ్వరి బీరువా పట్టుకుని నిలబడింది. ఏడాది పాటు పిల్లలు పేజీల మీద పెట్టిన పులిహోర మరకలూ, జీడిబెల్లం జిగురూ, అన్నీ రబ్బరుకి బలైపోయాయన్నమాట. తిడదామంటే ఎదురుగా ఉన్నది సుబ్బరాజుగారు. చేతిలో పూతరేకుల పెట్టె.

"ఒకటి నోట్లో వేసుకోమ్మా. మొహం అలా వాడిపోయిందేం?"

ఆయన అటు వెళ్లగానే ఓ పుస్తకం తీసి, అట్ట మూల గోటితో లేపింది. పర్రుమని చిరిగింది. ఖాకీ కాగితంతో పాటు పులిగారి మీసం ఓ పక్కంతా ఊడొచ్చింది. ఇలా అన్నీ ఊడదీస్తే అడివి మొత్తం క్షవరమైపోతుందని అక్కడితో ఆపేసింది.

పిల్లలు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. రెండో తరగతి నిఖిత అందరికంటే ముందు తేరుకుంది.

"మేడంగారండీ, మన పుస్తకాలు పట్టుకుపోయి పోలీసోళ్ల పుస్తకాలు పెట్టేరాండీ?"

"మనవేనమ్మా. అట్టలేసేరు."

"నా ఏనుగేదండీ?"

"వెతుక్కోవాలి."

నిఖితని దిగబెట్టడానికి వచ్చిన నాయనమ్మ మార్తమ్మ గుమ్మం దగ్గర చతికిలబడి, "పెళ్లికూతుళ్లందరికీ ముసుగులేసేసి నీ పెళ్లాన్ని నువ్వే ఏరుకోమన్నట్టుందమ్మా ఈ యవ్వారం" అంది.

పదిన్నరకి రావాల్సిన అధికారి, మురళీమోహన్ సారు, పన్నెండు దాటాక వచ్చాడు. అప్పటికి పిల్లలు పుస్తకాలు తీయడం, ఇది కాదని పడేయడం, నీది నాదని జుట్లు పట్టుకోవడం, అన్నీ అయ్యాయి. ఉమామహేశ్వరి ఆదరాబాదరాగా అన్నీ బీరువాల్లోకి సర్దేసింది. సారు ఓ పుస్తకం తీశాడు. తిప్పాడు. వాసన చూశాడు.

"కొత్తగా ఉన్నాయే!"

"ఆయ్!" అన్నారు సుబ్బరాజుగారు ఛాతీ విరుచుకుని. "గవర్నమెంటు సొమ్ము కదండీ. ఎవర్నీ ముట్టుకోనివ్వం!"

ఉమామహేశ్వరి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి సుబ్బరాజుగారు భోజనాల ఏర్పాటు చూడ్డానికి వెళ్లిపోయారు. ఆయన అన్న మాట మాత్రం గదిలోనే ఉండిపోయింది.

"ముట్టుకోనివ్వరా?" అన్నాడు సారు.

"లేదండీ, రోజూ చదువుతారండీ. నిన్నటిదాకా మరకలుండేవండీ. రాజుగారు రబ్బరు పెట్టి చెరిపించేసేరు. మడతలు ఇస్త్రీ చేయించేరండీ."

"పుస్తకాలకి ఇస్త్రీయా?"

చెబుతుంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. పోనీ పిల్లల చేత కథలు చెప్పిస్తానంటే, కంఠతా పట్టిస్తే చిలకలైనా చెబుతాయని కొట్టిపారేశాడాయన. సారు జాలిగా చూశాడు. "చూడమ్మా, ఏడాదంతా ఉంటే ఒక్క కాగితం మూలైనా మడతపడలేదు. మా ఆఫీసులో కట్ట విప్పనివి కూడా ఇంత కొత్తగా ఉండవు. ఇంకో ఊరి పిల్లలకిస్తే వాళ్లన్నా చదువుకుంటారు." డ్రైవర్ని పిలిచి, "ఎక్కించెయ్" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సుబ్బరాజుగారు తిరిగొచ్చారు. "భోంచేశాక ఎక్కిద్దురుగాని. డ్రైవరుబాబూ, నువ్వూ రా."

"వద్దండి, నాకు ఐ.పోలవరంలో పనుంది."

"ఐ.పోలవరం ఎక్కడికీ పోదండీ. పనసపొట్టు కూర చల్లారిపోద్ది."

ఆయన ఇంట్లో భోజనం తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఓసారి పెళ్లికొచ్చిన బంధువొకాయన, తిన్నది అరిగాక వెళ్లమంటే సరేనని కూర్చుని, అరిగేలోగా ఆ పెళ్లిజంటకి పుట్టిన పిల్లాడి బారసాల కూడా చూసుకుని వెళ్లాడంటారు. మురళీమోహన్ సారు అడుగులు వెనక్కి వేస్తుండగానే ఆయన అరిటాకు ముందుకి చేరిపోయాడు.

గ్రంథాలయంలో ఉమామహేశ్వరి నేల మీద కూలబడింది. పిల్లలకి వ్యాన్ సంగతి అర్థమైంది. నిఖిత మాత్రం ఒక్కో పుస్తకం తెరిచి చూస్తోంది. చివరికి దొరికింది. గుండెకి అదుముకుని ఓ మూలకి పోయి, క్రేయాన్ల డబ్బా తెరిచింది.

"ఏం చేస్తున్నావే?"

"మళ్లీ తప్పిపోకుండా గుర్తు పెట్టుకుంటున్నానండీ."

ఉమామహేశ్వరి లేచి వెళ్లేసరికి ఖాకీ అట్ట మీద ఓ ఏనుగు నిలబడి ఉంది. తొండంతో గొడుగు పట్టుకుంది. చుట్టూ నీలం గీతలు.

"అయ్యో రామ! ఉన్నది చాలక అట్టల మీద గీతలు కూడానా? సారొచ్చి చూస్తే..." అంటూ క్రేయాన్ లాక్కుంది. వెనక్కి తిరిగేసరికి, లోపలి బొమ్మలు చూసి ఎవరి పుస్తకం వాళ్లు ఏరుకుని, గదంతా అదే పని. హర్ష అనే పిల్లాడు ఒంటె కాళ్లకి జోళ్లు తొడుగుతున్నాడు. ఇంకోపిల్ల మొసలి పళ్లు లెక్కతప్పి వేసి, మళ్లీ వేస్తోంది. ఒకళ్ల చేతిలోది లాక్కుంటే ఇంకోళ్లు డబ్బా దాచేస్తున్నారు.

"ఒరేయ్ హర్షా, పిల్లాయన పుస్తకానికి పిల్లి ఏదిరా?" అని అడిగింది పక్కనున్న పిల్ల.

"ఒంటె వెనకాల ఉందే. తోక కనపడట్లా?"

"అమ్మా తల్లీ, ఆపండర్రా!" అందామె. ఎవరూ వినలేదు. అరిచింది. మార్తమ్మ తప్ప ఎవరూ తలెత్తలేదు. ఆమె కూడా, "ఎలాగూ పోయేవే గదమ్మా, గీసుకోనీ" అనేసింది. ఓపిక అయిపోయి ఉమామహేశ్వరి క్రేయాన్ కింద పడేసింది.

ఎండ కాస్త వాలాక మురళీమోహన్ సారు వచ్చాడు. వచ్చాడనడం మర్యాద కోసం. సుబ్బరాజుగారు ఓ పక్కా, డ్రైవరు ఓ పక్కా పట్టుకుంటే చేరుకున్నాడు. ఆయన కళ్లు తేలిపోయి ఉన్నాయి. గది చూసి ఆ కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"ఇదేంటమ్మా?"

సుబ్బరాజుగారు గుండె పట్టుకున్నారు. "నా అట్టలు! తెల్లారగట్ల ఆరబెట్టించిన అట్టలండీ!"

సారు కింద కూర్చున్నాడు. వంగలేడు గనక కూర్చోవడమే తేలిక. నిఖిత చేతిలోది తీసుకుని లోపల తిరగేశాడు. ఏనుగు ఎండలో నీడ కోసం తిరుగుతోంది. పేజీ తరవాత పేజీ ఎండే.

"ఈ గీతలేంటి పాపా?"

"వానండీ."

"లోపలెక్కడా వాన లేదుగా?"

"కథ అయిపోయింతరవాత పడిందండీ" అంది నిఖిత, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. "అందుకే బూరెల తాతగారు లోపల వెయ్యకుండా పై అట్ట మీద వేసేరండీ. అది ఎవరూ చెప్పరండీ. మనమే తెలుసుకోవాలి."

"పై అట్ట మీద వానుందా?"

"ఉందండీ. రాజుగారు మూసేసేరండీ."

సారు గోటితో ఖాకీ కాగితం ఓ మూల గీరడం మొదలుపెట్టాడు. "జాగ్రత్తండీ, చిరిగిపోద్ది" అన్నారు సుబ్బరాజుగారు. సారు వినిపించుకోలేదు. నాలిక బయటపెట్టి, బళ్లో కుర్రాడిలా గీరాడు. కాగితం కొంచెం లేచింది. కింద సన్నటి నీలం గీతలు. ఇంకొంచెం గీరితే గొడుగు అంచు వచ్చింది.

"వానే" అన్నాడు.

హర్ష తన పుస్తకం పట్టుకుని మీదకొచ్చాడు. "నాది కూడా గీరండి సార్. ఒంటె వెనకాల పిల్లి తోక ఉంటదండీ."

"నాది గీరండి, మొసలి నోట్లో బ్రష్షు ఎర్రదండీ!"

"ఉండండర్రా, ఉండండి." సారు ఒంటె పుస్తకం కూడా గీరాడు. తోక కనబడింది. గట్టిగా నవ్వాడు, పొట్ట నొప్పెట్టి వెంటనే ఆపేశాడు. తరవాత ఏనుగు పుస్తకం మొదటినుంచీ చివరిదాకా చదివాడు. డ్రైవరు గుమ్మంలోంచి, "ఎక్కించమంటారా సార్?" అని అడిగాడు.

"నువ్వెళ్లి వ్యాన్ తిప్పుకో. ఖాళీగానే పోదాం" అన్నాడు సారు. ఉమామహేశ్వరి వైపు చూసి, "ఉంచుకోండమ్మా. చూడకుండా వేశారంటే ఎన్నిసార్లు చూసుంటారు!" అన్నాడు.

పిల్లల కేకలకి చూరులోని పావురాళ్లు ఎగిరిపోయాయి. ఉమామహేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపో చెమటో ఆమెకే తెలీదు.

సుబ్బరాజుగారు మెల్లిగా పక్కకి చేరి, చిరిగిన అట్టలు చూసుకుంటూ గొంతు తగ్గించి అన్నారు.

"చూసేవా అమ్మా? నేను అట్టలు వేయించబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పిల్లలు బొమ్మలెక్కడ వేసేవారు, ఆయనెక్కడ చూసేవారు? అంతా మన మంచికే."

ఉమామహేశ్వరి ఆయన మొహంలోకి చూసింది. చెప్పాల్సినవన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది. పైగా ఎంత ఆలోచించినా ఆ మాట పూర్తిగా అబద్ధమని అనడానికి దారి దొరకడం లేదు. అదే ఆమెకి అన్నిటికంటే ఒళ్లుమండించింది.

"ఆయ్" అంది, పళ్లు బిగించి.