బావమరిది చేతిలో రూట్ ఖాతా

ఆసుపత్రుల రక్తపరీక్షల రిపోర్టులను క్లౌడ్‌లో దాచే కంపెనీలో ఆమెది భద్రత చూసుకునే ఉద్యోగం. అక్కడి ఖాతాలన్నిటి మీదా రూట్ ఖాతా అని ఒకటుంది. దానితో లోపలికి వస్తే అడ్డేమీ ఉండదు. ఏదైనా చూడొచ్చు, ఏదైనా చెరిపేయొచ్చు. అందుకే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తన ఫోన్ మోగేలా ఆమే అలారం పెట్టింది.

మంగళవారం ఉదయం అది మోగింది. ఆమె గబగబా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"నేనేలేమ్మా. చిన్న పనుంది," అన్నాడాయన.

"రూట్‌తో చేసేంత చిన్న పనేంటి సార్?"

"అన్నీ నీకు చెప్పే చెయ్యాలా? ముందా అలారం తీసేయ్. చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఆమె తియ్యలేదు.

గురువారం మళ్లీ మోగింది. ఆ సమయానికి మేనేజరు మీటింగులో ఆమె ఎదురుగానే కూర్చుని, ఫోన్‌లో ఎవరికో మెసేజ్ పంపుతున్నాడు. ఆయన ముందు ల్యాప్‌టాప్ కూడా లేదు. ఆమె లేచి పరుగెత్తింది. రూట్‌కు దారి మూసేలోపే ఒక ఆసుపత్రిలో మూడు వార్డుల రిపోర్టులు పోయాయి. నకళ్ల నుంచి వాటిని తిరిగి తేవడానికి అయిదు గంటలు పట్టింది. ఈలోగా పిల్లల వార్డు డాక్టరమ్మ ఫోన్ చేసింది. "రిపోర్టు కనబడక, నాలుగేళ్ల పిల్లకి రక్తం కోసం మళ్లీ సూది గుచ్చాల్సొచ్చింది. నరం దొరక్క మూడుసార్లు."

మర్నాడు డైరెక్టరమ్మ గదిలో మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఈవిడ నిఘా సరిగ్గా లేదు మేడం," అన్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరెక్కడి నుంచి లోపలికొచ్చారో చూపే లాగ్ కాగితాలు బల్ల మీద పరిచింది. లాగిన్ అయిన చిరునామా మేనేజరు బావమరిది ఆఫీసుది. పాత ఫైళ్లు తీసేసే కాంట్రాక్టు కంపెనీ ఆ బావమరిదికే ఇచ్చింది; పాతవాటితో పాటు అతను కొత్తవీ చెరిపేశాడు.

"పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు. ఫోన్‌కొచ్చిన కోడ్ నా ఎదురుగానే పంపారు. తాళంచెవి బావమరిదికిచ్చి కాపలా మనిషిని తిడతారా సార్?"

డైరెక్టరమ్మ కాగితాలు చూసి నిట్టూర్చింది. "సరే, మనలో మనం సర్దుకుందాం. ఆసుపత్రికి సాంకేతిక లోపమని రాయి."

"ఆ పిల్లకి గుచ్చింది సాంకేతిక లోపం కాదు మేడం. నా సంతకం కావాలంటే జరిగిందే రాస్తాను. వద్దంటే ఇంకొకర్ని చూసుకోండి."

డైరెక్టరమ్మ కాగితాలు మళ్లీ మొదటి నుంచీ తిరగేసింది. చివరికి, "జరిగిందే రాయి," అంది.

మేనేజరును వేరే విభాగానికి మార్చారు. బావమరిది కాంట్రాక్టు రద్దయింది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. పైగా తోటివాళ్లు, "కొరివితో తల గోక్కున్నావు," అన్నారు.

సాయంత్రం ఆమె డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ పది నిమిషాలు చెడామడా తిట్టింది. ఆమె ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా విని, "పిల్ల ఎలా ఉంది?" అని అడిగింది.