మా పెరటి వాసంతి

పత్రికలో సీరియల్ ముందు మగవాళ్ళకి, తరవాత మాకు. ఇంట్లో కూర కూడా అంతే కదా, కొత్తేముంది. శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో ఆ వారపత్రిక తెప్పించేది ఒక్క మా ఆయన జగన్నాధమే. అది విజయనగరం నుంచి బస్సులో దిగ్గానే, టీకొట్టు బల్ల మీద కూర్చుని ఊళ్ళో మగవాళ్ళందరికీ గొంతెత్తి చదివేవాడు. వాళ్ళు కళ్ళు తుడుచుకునేవారట. సాయంత్రానికి ఆ పుస్తకం టీ మరకలతో ఇంటికి వచ్చేది. మర్నాడు మధ్యాహ్నం పెరట్లో ఆడవాళ్ళకి నేను చదివేదాన్ని.

నా పేరు లక్ష్మణమ్మ. ఆ ఇంటి కోడలిని. మా నాన్న నాకు ఇంట్లోనే పంతులు చేత చదువు చెప్పించాడు గాని, బడి ఎలా ఉంటుందో నేనెరగను. అత్తవారింట్లో ఆడవాళ్ళు వీధి గుమ్మం దాటకూడదు. చుట్టూ గుడ్డ కట్టిన ఎడ్లబండిలో కాపరానికి వచ్చాను, ఆ గుమ్మం లోపలే ఉండిపోయాను. మా అత్తగారు సుభద్రమ్మా అలాగే వచ్చిందట. బండి కూడా అదేనట. మామగారు పోయాక పెత్తనమంతా కొడుకుది. అత్తగారికి మిగిలింది పెరటి తలుపు తాళంచెవి ఒక్కటే, అది బొడ్లో దోపుకుని తిరిగేది. పగటిపూట ఆ తలుపు తెరిచేది, పనివాళ్ళు లోపలికి రావడానికి. నేను బయటికి పోవడానికి కాదు.

అరవై ఎనిమిది వేసవిలో ఏజెన్సీ నుంచి చింతపండు బళ్ళకి బళ్ళు దిగింది. పెచ్చులు కొట్టి, ఈనెలు లాగి, పిక్కలు తీయడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. కూలి కింద మా అత్తగారు కుంచంతో ధాన్యం కొలిచి పోసేది. వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది గురమ్మని. మా పెరటి గోడకి అవతలే దాని ఇల్లు. దాని మొగుడు జోగయ్య ఇళ్ళ మీద పెంకులు నేస్తాడు. దాని పక్కన కూర్మమ్మ, చేపల తట్టతో సంతలన్నీ తిరిగిన మనిషి. నేను చదువుతుంటే పిక్కలు టపటప రాలేవి. మా అత్తగారు మాత్రం నులకమంచం మీద అటు తిరిగి పడుకునేది, ఇలాంటివి తనకి పట్టవన్నట్టు.

ఆ సీరియల్లో నాయిక వాసంతి. మొగుడు ఉత్తపుణ్యానికి అనుమానించి ఆమెని వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. ఇక అక్కణ్ణించి వారం వారం ఒకటే ఏడుపు. తలుపు కన్నంలోంచి మొగుడికి దండాలు పెట్టడం, ఆయనకి జలుబు చేసిందేమోనని బెంగ పడడం. టీకొట్టులో మగాళ్ళకి అది అమృతం. మా ఆయన అన్నం కలుపుకుంటూ, ఆడదంటే అలా ఉండాలి, రాసింది కూడా ఆడమనిషే, పేరు చూడు అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండినా చారు పొయ్యాలి కదా, పోసేదాన్ని.

రాసింది ఆడమనిషి కాదని మొదట పట్టుకున్నది గురమ్మ. తాళం వెయ్యకముందు ఒకనాడు చుట్టాలు రాగానే వాసంతి మినపపప్పు డబ్బాలోంచి తీసి, రుబ్బి, గారెలు వండి పెట్టింది. గురమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టి, పప్పు ఎప్పుడు నానేసిందని అడిగింది. వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా నానెయ్యలేదు. తలంటుకుని వెంటనే పొడి జుట్టుతో జడ వేసుకున్న సంగతి కూర్మమ్మ గుర్తు చేసింది. అందరూ పకపకా నవ్వారు. అప్పుడు మంచం మీంచి మా అత్తగారు ఇటు తిరక్కుండానే తీర్పు చెప్పింది.

"మగోడే. ఆడపేరెట్టుకున్నాడు."

ఆ తరవాత వారం పత్రికలో సీరియల్ కాగితం లేదు. టీకొట్టువాడు దాన్ని చింపి, అందులో పకోడీలు పొట్లం కట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఆ సంగతి నాకు పెరట్లో అందరూ కూర్చున్నాక, పుట తిప్పాక తెలిసింది. వాళ్ళ మొహాలు చూశాను. వారమంతా ఈ గంట కోసం ఎదురుచూసిన మనుషులు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. సబ్బు ప్రకటన మీద కళ్ళు పెట్టి, వాసంతి ఆ రోజు ఏడవలేదని చదివాను. గది నాలుగు మూలలా చూసిందని చదివాను. పైకి చూసిందని చదివాను.

టపటప ఆగిపోయింది. పైన ఏముందని గురమ్మ అడిగింది. అటక అన్నాను. ఇంకేముంది, అటకెక్కితే పెంకులే కదా, అడుగు వరస లాగకూడదు, పైన బోర్లించి ఉన్న గుల్లపెంకు ముందు తీస్తే చప్పుడు కాదని అది మొగుడి విద్యంతా చెప్పేసింది. తరవాతి వారం కాగితం వచ్చింది. అందులో వాసంతి మళ్ళీ దండాలు పెడుతోంది. నేను ఆ అచ్చు వంక చూస్తూ గుల్లపెంకు తీయించాను.

అలా సాగింది. వాళ్ళు నాకు తెలియని లోకాన్ని పిక్కలతోపాటు నా ముందు పోసేవారు, నేను దాన్ని మరుసటి వారం వాసంతి దారిలో పరిచేదాన్ని. గోడ దూకాక కుక్కలు మొరగకుండా ఎలా నడవాలో, పొలం గట్ల మీద పడి రోడ్డెలా ఎక్కాలో, అన్నీ వాళ్ళవే. వాసంతి బస్టాండు దాకా వచ్చేసింది. నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. వారానికి ఆ ఒక్క గంట నేను ఆ ఇంట్లో లేను. అది పోతే నాకిక ఏమీ లేదని నాకు బాగా తెలుసు, అందుకే భయం కూడా అంతే ఉండేది.

భయపడినంతా అయింది. ఒక శుక్రవారం టీకొట్టులో మా ఆయన, వాసంతి గదిలో కూర్చుని తులసిమాల కడుతోందని చదువుతుంటే జోగయ్య అడ్డం వచ్చాడట. ఆమె ఇంకా గదిలో ఎక్కడుంది, ఎప్పుడో పెంకులు తీసి పోయింది కదా, పుస్తకంలోనే రాశారని మా ఇంటిది చెప్పింది, ఆ తీసిన పద్ధతి కూడా సరైనదేనని వాదించాడట. కొట్టంతా విరగబడి నవ్వింది. మా ఆయన నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పెరట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. అంతవరకు ఆ వేళప్పుడు మగమనిషి అక్కడికి వచ్చింది లేదు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని తలలు వంచుకున్నారు. పత్రిక నా ఒళ్ళో పడేశాడు.

"సదువు. నానూ వింటాను."

ఆయనకి ఆ వారం భాగం నోటికి వచ్చు. ఒక్క మాట తప్పినా తెలిసిపోతుంది. తెలిస్తే ఈ పెరటి తలుపు ఇక తెరుచుకోదు. నేను చదివాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. మొగుడు తలుపు తీశాడు, వాసంతి పరుగెత్తుకొచ్చి పాదాల మీద పడింది, కన్నీళ్ళతో పాదాలు కడిగింది, మీరు నన్ను ఇక్కడ ఉంచడం నా మేలుకే అంది. ఆ మాటలు నా నోటితో నేనే అన్నాను. అంటుంటే నాలుక తెగిపడితే బాగుండుననిపించింది. గురమ్మ నా వైపు చూడలేదు. చింతపండు వైపే చూస్తోంది.

చదవడం అయ్యాక మా ఆయన సంతోషంగా, విన్నారా, అదీ కథ అన్నాడు. మంచం కిర్రుమంది. మా అత్తగారు మొదటిసారి ఇటు తిరిగింది.

"ఇది మన వాసంతి కాదురా. అది బస్టాండు కాడ ఉన్నాది. ఈ గదిలో ఉన్నాది ఎవులో ఇంకొకతి. దీన్నెవులు తెచ్చెట్టినారు?"

ఆ మాట అన్న మనిషి బొడ్లో తాళంచెవి ఉంది. కొడుకు తల్లి వంక చూశాడు, తరవాత నా వంక చూశాడు. నేను ఇన్నాళ్ళూ ఏం చదివానో ఆయనకి అర్థమైపోయింది. ఆయన కేకలెయ్యలేదు, వేసినా బాగుండేది. పత్రిక తీసుకుని లేచాడు. చింతపండంతా రేపట్నుంచి కళ్ళంలో కొట్టించుకుంటానన్నాడు. పెరటి తలుపు పగలు కూడా వేసి ఉంచమని తల్లికి చెప్పాడు. ఆవిడ సరే అంది. ఆయన చూస్తుండగానే తాళం వేసింది.

తరవాతి శనివారం మధ్యాహ్నం పెరడు బోసిపోయి ఉంది. ఊడ్చినా నేలకి చింతపండు జిగురు వదల్లేదు. నేను అరుగు మీద ఊరికే కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, విసుగు, కోపం. మా అత్తగారు మంచం మీద కాసేపు అటూ ఇటూ దొర్లి, లేచి కూర్చుంది.

"ఏటే, అలా కూకున్నావు? సదువు."

పుస్తకం లేదన్నాను. పుస్తకంలో ఎప్పుడున్నాది గనక అంది.

అయితే ఆవిడకి ముందే తెలుసు. ఎన్నాళ్ళుగా తెలుసో అడగలేదు. మొదలుపెట్టాను. వాసంతి బస్టాండులో నిలబడింది, బస్సు వచ్చింది, ఎక్కింది. ఎక్కాక? నోరు ఆగిపోయింది. బస్సు చప్పుడు గోడల మీంచి విన్నదాన్నే గాని, లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదు. మా అత్తగారి మొహంలోకి చూశాను. ఆవిడకీ తెలియదు. ముసలిదాని కళ్ళలో అంత సిగ్గు నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ మంచం దిగి, గోడ దగ్గరికి పోయి, గురమ్మని పిలిచింది. బస్సు ఎక్కినాక ఏటవుతాదే అని అడిగింది. అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. బస్సు ఎక్కింది ఎవరని అది అడగలేదు.

"వాసంతమ్మకి టిక్కెట్టు డబ్బులున్నాయేటమ్మా? నేకపోతే కండట్రు దించెస్తాడు."

కథలో అంత దూరం నడిపించాను, కుక్కల్ని తప్పించాను, గట్లు దాటించాను. ఆమె చేతిలో డబ్బు పెట్టాలని నాకు తోచలేదు. వింటూ ఉన్న అత్తగారికీ తోచలేదు. మేం ఎరిగింది కుంచం, ధాన్యం. డబ్బు మగాళ్ళ పెట్టెలో ఉండేది.

అత్తగారు వచ్చి నా పక్కన అరుగు మీద కూలబడింది. చాలాసేపు మూసిన తలుపు వంకే చూసింది.

"దించెసినాడా? అయితే ఎనక్కొచ్చెసిందేటే?" అంది.

"లేదత్తా. అక్కడే నిలబడి ఉంది."

ఆవిడ చెయ్యి బొడ్లో తాళంచెవి మీదకి పోయింది. తియ్యలేదు, పట్టుకుంది అంతే.

"నిలబడనీ," అంది. "ఆడి డబ్బుల పెట్టె ఎక్కడుంటాదో నానెరుగుదును. రేపు దానికి డబ్బులు సూద్దుం."