మళ్లీ చూడని కంపైలర్

వదిన సంచి సర్దుతోంది. అడుగున రెండు జతల బట్టలు, పైన స్వెట్టర్, దాని మడతల్లో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పాత లాప్‌టాప్.

"అప్పుడే సర్దకు వదినా. జీపు వచ్చేలోగా తేల్చేస్తాను," అంది ఆడపడుచు. విరిగిన కాలు కట్టుతో ఎదుటి కుర్చీ మీద చాపుకుని ఉంది.

"తేల్చు తల్లీ. నా మోకాళ్లు నీకు దణ్ణం పెట్టుకుంటాయి."

కొండదారి పక్కన, నేల కదిలితే సైరన్ మోగించే యంత్రం ఒకటుంది. దాని కెర్నెల్, అంటే లోపల అన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము, వీళ్లిద్దరూ ఏళ్ల కిందట రాసిందే. మొన్న పిడుగు పడి అది కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి పరికరాలకు సరిపెట్టుకుంటూ దాన్ని మళ్లీ కట్టాలి. కొండ మీది కాపలాదారు దగ్గర కోడ్ ఉంది, కంప్యూటరూ ఉంది. కానీ కోడ్‌ని కెర్నెల్‌గా మార్చే కంపైలర్ మాత్రం అక్కడ కొత్తది. పాతది వదిన లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. రేడియోలో నాలుగు వరుసల మార్పులు చదివి చెప్పగలరు గానీ, అంతకు మించి ఏదీ పంపలేరు.

కోడ్ కొత్త కంపైలర్‌తో కుదిరితే వదిన ఇంట్లో ఉంటుంది. కుదరకపోతే ఈ వానలో కొండెక్కుతుంది.

బల్ల మీద అలాంటిదే ఓ చిన్న యంత్రం. కొత్త కంపైలర్‌తో కట్టిన కెర్నెల్ అందులో చక్కగా లేచి కూర్చుంది.

"బల్ల గుద్దు వదినా."

వదిన గుద్దింది. సైరన్ పలకలేదు.

ఆడపడుచు కంపైలర్ చేసిన పనంతా వరుస వరుసా తిరగేసింది. నేల కదలికను పదే పదే చదవమని కోడ్‌లో ఉంది. పాతది చెప్పిన మాట వినేది. కొత్తదానికి తెలివెక్కువ. మధ్యలో దీన్ని ఎవరూ మార్చడం లేదు కదా, మళ్లీ చూడ్డమెందుకు అనుకుని, ఒక్కసారి చదివి అదే జవాబు పట్టుకుని కూర్చుంది.

"అచ్చం మీ అన్నయ్యే," అంది వదిన. "పెళ్లినాడు ఒకసారి చూశాడు. ఇంక మళ్లీ తలెత్తితే ఒట్టు."

"వినిపిస్తోంది!" వంటింట్లోంచి అన్నయ్య గొంతు.

"విననీ, చూడ్డం ఎలాగూ లేదుగా."

ప్రతిసారీ చూసి తీరాలని చెప్పే మాట ఒకటి కోడ్‌లో చేర్చి ఆడపడుచు మళ్లీ కట్టింది. ఈసారి గుద్దగానే సైరన్ ఇల్లు ఎగిరిపోయేలా మోగింది. వదిన నవ్వుతూ సంచిలోంచి స్వెట్టర్ తీసి కుర్చీ మీద పడేసింది.

"ఇంకొక్కసారి గుద్దు."

ఈసారి మోగలేదు. ఒకసారి మోగాక పరికరం సర్దుకోడానికి కాస్త వ్యవధి కావాలి. అందుకని వాళ్లు లెక్కపెట్టుకుంటూ ఊరికే తిరిగి కాలం గడిపే ఓ లూప్ రాశారు. పనికిరానిదని కొత్త కంపైలర్ దాన్ని ఊడ్చిపారేసింది.

ఆడపడుచు అదీ సరిచేసింది. ఈసారి ఎన్నిసార్లు గుద్దినా మోగింది. కానీ ఆ మోతకి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. పాతదాని అలవాట్లన్నీ ఎరిగి, దాన్నే నమ్ముకుని రాసిన కోడ్ అది. ఏ నమ్మకం ఏ మూల దాగి ఉందో రాసినవాళ్లకే గుర్తులేదు.

బయట జీపు హారన్ కొట్టింది.

"ఆడపడుచు గారూ," అంది వదిన. వేళాకోళపు పిలుపే గానీ గొంతులో వేళాకోళం లేదు. "ఇంకెక్కడా ఇలాంటిది లేదని చెప్పగలవా? చెప్తే ఉండిపోతాను."

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కొండ కింద ఇళ్లున్నాయి, దారిలో బస్సులు తిరుగుతుంటాయి.

"చెప్పలేను వదినా."

"చెప్పలేవని తెలుసులే." వదిన స్వెట్టర్ మళ్లీ మడిచి లాప్‌టాప్‌కి చుట్టింది. "కాలు కింద పెట్టకు. మీ అన్నయ్యకి మాత్రలు నువ్వే గుర్తు చెయ్యి."

గుమ్మం దాకా వెళ్లాలని ఆడపడుచు లేవబోయింది. కట్టు బరువు లేవనివ్వలేదు. జీపు తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు సాయంత్రం కొండ మీద సైరన్ మోగింది. బస్సులు ఆగిపోయాయి. కింది ఇళ్లవాళ్లంతా పిల్లలతో సహా బయటపడ్డారు. యంత్రం ఉన్న గట్టు మాత్రం కంప్యూటర్ ఉన్న కాపలా గదితో సహా లోయలోకి జారిపోయింది. సైరన్ మోగగానే దారి ఆపడానికి కిందికి పరుగెత్తిన కాపలాదారు బతికాడు.

వదిన తిరిగి రాలేదు. అది జూలై ఆఖరి శుక్రవారం, తెర వెనక కంప్యూటర్లు నడిపించేవాళ్లకి థాంక్స్ చెప్పుకునే రోజు.