ముట్టుకోకూడని చెట్టు

ఎడారిని కాపాడతామని వచ్చినవాళ్లతో వేగలేక చస్తున్నాం. మా షోషోనీ తెగవాళ్లు ఎన్ని తరాలుగా ఇక్కడున్నారో లెక్కే లేదు. ఇది సర్కారువారి పార్కయింది నిన్నగాక మొన్న. అయినా మా అమ్మమ్మ లొరెటా తన తల్లి నుంచి వచ్చిన చెట్టు మీద చెయ్యి వెయ్యాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి.

అది మెస్కీట్ చెట్టు. దాని కాయలు దంచిన పిండితోనే మా ఇంటిల్లిపాదీ బతికారు. మెస్కీట్‌ని దాని ఖర్మానికి వదిలేస్తే బతకదు. ఏటా ఎండుకొమ్మలు కొట్టెయ్యాలి, మొదలు చుట్టూ చేరిన ఇసుక తోడెయ్యాలి. ఇది మా ఇళ్లల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పార్కువాళ్ల లెక్కలో మాత్రం చెట్టుని ముట్టుకోకపోవడమే కాపాడటం.

ఆ అనుమతి కోసం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాం. మొదటి ఏడు ఫారం తప్పన్నారు. రెండో ఏడు ఆ చెట్టు మీదేనని రుజువేదన్నారు. చెట్టుకి రశీదు ఎవడిస్తాడని నేను గొంతు చించుకుంటే, అమ్మమ్మే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మూడో ఏటికి ఇసుక చెట్టు నడుం దాకా వచ్చింది, పచ్చగా ఒక్క కొమ్మే మిగిలింది.

ఆ వసంతంలో పార్కు రేంజరు డెరిల్ మా ఇంటికొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, నా ఒళ్లు మండేదీ అందుకే. తెచ్చింది అనుమతి కాగితం కాదు, పార్కులో పెట్టే కొత్త బోర్డు మీద రాయించబోయే చరిత్ర. తప్పులుంటే దిద్దమని చదివి వినిపించాడు. తొలి నివాసులు ఇక్కడ మెస్కీట్ కాయలు తిని జీవించేవారట.

"జీవించేవారా?" అంది అమ్మమ్మ. "మరి నేనెవర్ని నాయనా, దెయ్యాన్నా?"

అతను మారుస్తానన్నాడు.

"బోర్డు సంగతి తర్వాత. ఎండలు ముదరక ముందే నా చెట్టు నాకిప్పించు."

ఇప్పించాడు, పాపం. అక్టోబరులో. ఆ వేసవంతా నిప్పులు కురిశాయి. రంపం, పారలు వేసుకుని ముగ్గురం వెళ్లాం. అక్కడ నిలబడి డెరిల్ కాగితం పైకి చదివాడు. ఎండిన కొమ్మలు మాత్రమే కొయ్యాలి, పచ్చకొమ్మను తాకరాదు.

అమ్మమ్మ చెట్టు చుట్టూ తిరిగి కొమ్మ కొమ్మనీ గోటితో గీకి చూసింది. ఎక్కడా పచ్చి లేదు, మిగిలిన ఆ ఒక్క కొమ్మలోనూ. నాకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

"ఇంక దేనికీ అడ్డు లేదు నాయనా, మొదలంటా కోసెయ్యొచ్చు," అంది.

రంపం డెరిల్ చేతిలో పెట్టి, వెళ్లి కారులో కూర్చుంది.