సామాన్ల దగ్గర మనిషి

పొద్దున్న మరదలు ఆఫీసుకి, మేనకోడలు బడికి, తమ్ముడు కెమెరా సంచి భుజాన వేసుకుని ఎవరిదో ఒకరి పెళ్లికి వెళ్లిపోయాక, అక్క గిన్నెలు కడిగి, చెయ్యి తుడుచుకుని, ముందుగది మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చునేది. కూర్చుంటే సాయంత్రం దాకా లేచే పనుండదు. "మీకేం అక్కా, హాయిగా నీడపట్టున కూర్చుని చేసే పని" అనేవాడు కింద వాటాలో ఉండే టైలరు. కూర్చుని కూర్చుని నడుం కట్టెలా బిగుసుకుపోయి, పాదాలు వాచి చెప్పుల్లో పట్టని సంగతి ఆయనకేం తెలుసు! పోనీ ఆవిడైనా చెప్పిందా అంటే అదీ లేదు, నవ్వి ఊరుకునేది. టైలరు ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాడు. అయినా ఆ వీధిలో అందరికీ ఆవిడ అక్కే.

తమ్ముడు ఇన్నేళ్లుగా తీసిన పెళ్లిళ్లూ పుట్టినరోజులూ అన్నీ డిస్కుల్లో ఉన్నాయి. మామూలు డిస్కులు కావు, చర్మం మీద వెంట్రుక కూడా కనిపించే రకం. అప్పట్లో అవంటే గొప్ప. కస్టమరుకి ఒకటిచ్చి, ఒక కాపీ తను దాచుకునేవాడు. ఇప్పుడు వాటిని ఆడించే ప్లేయర్లు ఎవరిళ్లలోనూ లేవు. అట్టపెట్టెల్లో ఉన్నవి ఒక్కొక్కటే పాడవుతున్నాయి. దాంతో ఊళ్లోవాళ్లంతా "మా పెళ్లి ఫోన్లో చూసుకునేట్టు చేసివ్వవయ్యా" అని తమ్ముడి ప్రాణం తోడేస్తుంటే, తమ్ముడు అక్క ప్రాణం తోడేస్తున్నాడు.

ఆ పని చూడ్డానికి తేలిక. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తుడిస్తే ఉన్న గీతలకి తోడు కొత్త గీతలు. తుడిచి ట్రేలో పెట్టి, ముందు ఉన్నదున్నట్టుగా కంప్యూటర్లోకి ఎక్కించాలి. గీత పడ్డచోట డ్రైవు గురగురమంటూ ఆగిపోతుంది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టాలి. అంతా ఎక్కాక దాన్ని నొక్కి నొక్కి చిన్నది చెయ్యాలి. అప్పుడు కంప్యూటర్‌కి జ్వరం వచ్చినంత వేడి. దాని డొక్కమీది రేకు ఊడదీసి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపే తిప్పి పెట్టి, అక్క చెమటలు కక్కుకుంటూ కూర్చునేది.

చిన్నది చెయ్యడమంటే ఊరికే అవుతుందా, ఏదో ఒకటి వదిలించుకోవాలి. ఆ ప్రోగ్రాం కదిలేవాటినే పట్టించుకుంటుంది. కదలనివాటిని ఒక్కసారి చూసి, ఆ, ఉందిలే, ఎక్కడికి పోతుంది అనుకుంటుంది. అలా వదిలేసినవి వీడియోలోంచి ఊడి, బల్లకీ గోడకీ మధ్య ధబ్బున పడేవి. ఎక్కువగా కుర్చీలే. అప్పుడప్పుడు పూలకుండీలు, తెరలు, ఒకసారి నిలువెత్తు అద్దం. వచ్చి పడుతున్నందుకు మరదలికి ఏ ఇబ్బందీ లేదు, ఊడవడానికి అడ్డమనే ఆవిడ గొడవంతా. అందుకని అక్క వాటిని టైలరుకి ఇచ్చేసేది. ఆయన తెరలు చింపి దిండు గలీబులు కుట్టి అమ్ముకునేవాడు.

ప్రోగ్రాంలో రెండు పద్ధతులున్నాయి, గబగబా అని ఒకటి, నిదానం అని ఒకటి. మొదట్లో అక్క తెలియక అన్నీ గబగబాలో పెట్టేసింది. ఒకాయన ఫోన్ చేసి, మా బంధువులంతా గాల్లో కూర్చుని ఉన్నారండీ అని మర్యాదగానే ఏడ్చాడు. అదే డిస్కుని మళ్లీ నిదానంలో పెడితే కుర్చీలు ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి. ఆ సమయానికి టైలరు వాటిలో ఒకదాని మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు పాపం. అప్పట్నుంచి కస్టమర్లవన్నీ నిదానమే. పూటంతా పట్టేది. అలా చేసినా ఒకటో రెండో పడేవి గానీ ఎవరూ అడగలేదు.

మనుషులు మాత్రం ఎప్పుడూ పడలేదు. మనిషన్నాక కన్నార్పుతాడు, దురదపుడితే గోక్కుంటాడు, పక్కవాడి చెవిలో చాడీ చెబుతాడు. ఏదో ఒకటి కదులుతుంది కదా.

ఇలా రోజులు వెళ్లిపోతుంటే ఒకనాడు పిచ్చుక ఫోన్ చేసింది. అక్కతో బళ్లో చదువుకున్న మనిషి. ఒక్కచోట నిలవకుండా కాలుగాలిన పిల్లిలా తిరిగేదని మేష్టార్లే పెట్టిన పేరది. రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఆవిడకి బేకరీ ఉంది. పొయ్యి దగ్గర ఒంటరిగా చేసుకోలేకపోతున్నాను, వచ్చెయ్, ఇద్దరం కలిసి నడుపుదాం, పైన గది ఖాళీగానే ఉంది అంది. "రోజంతా నిలబడి చచ్చే పనే. కానీ నీదీ నాదీ" అంది. నెలాఖరు దాకా చూస్తాననీ, ఆ తర్వాత ఇంకెవర్నైనా పెట్టుకోక తప్పదనీ కూడా చెప్పింది.

చూద్దాం అంది అక్క. ఆవిడ నోట్లో చూద్దాం అంటే కుదరదని అర్థం. అయినా ఆ రోజు డిస్కు తుడుస్తున్నంతసేపూ పిండి పిసకడం, రేకులు పొయ్యిలోకి తొయ్యడం, తెల్లారగానే తలుపు తెరవడం ఇవే కళ్లముందు ఆడాయి. వెళ్లాలని ఎంత అనిపించిందంటే, భయమేసింది. సాయంత్రం తమ్ముడి చెవిన వేసింది. తమ్ముడు కాదనలేదు, మంచివాడే. "వెళ్లు అక్కా, దానికేం. కానీ ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా" అన్నాడు. మరదలూ అదే అంది. కొరియర్ వాడొస్తాడు, కస్టమర్లొస్తారు, పిల్ల బడినుంచి వస్తుంది, ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా వదినా అని. అది అబద్ధమా అంటే కాదు. అమ్మ మంచంలో ఉన్న ఏళ్లన్నీ అమ్మ దగ్గర ఒక మనిషి ఉండాలి. అమ్మ పోయాక పసిపిల్ల దగ్గర ఒక మనిషి ఉండాలి. ఇప్పుడు డిస్కుల దగ్గర. ఆ ఒక మనిషీ ఎప్పుడూ అక్కే.

నెలాఖరు దగ్గరపడింది. మరదలు తన పెళ్లి డిస్కు తెచ్చిచ్చి, తీరికైనప్పుడు దీన్నీ చెయ్యి వదినా, ఇంట్లోదేగా, గబగబాలో పడేసినా చాలు అంది. తమ్ముడి పెళ్లిలో తమ్ముడు కెమెరా పట్టుకోలేడు కాబట్టి, అతని స్నేహితుడు హాలు గుమ్మానికెదురుగా స్టాండు మీద కెమెరా పెట్టేసి తను భోజనానికి వెళ్లిపోయాడు. వచ్చేవాళ్లూ పొయ్యేవాళ్లూ, పిల్లల పరుగులూ, అంతా పడింది. అక్క గబగబాలోనే పెట్టి నొక్కాల్సినవి నొక్కింది. కంప్యూటర్ రొద మొదలైంది. బల్ల వెనక ధబ్, ధబ్, ధబ్ అని వరసగా పడుతుంటే కుర్చీలే అనుకుంది. లేచి చూస్తే పెట్టెలు, సంచులు, మూటగట్టిన దుప్పట్లు. వాటిమధ్య ఒక కుర్చీ, కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని తను.

ముప్పై దాటినప్పటి తను. జుట్టంతా నల్లగానే ఉంది. ఆకుపచ్చ చీర, అది ఎప్పుడో పాతదై డిస్కులు తుడిచే గుడ్డలైపోయింది.

అక్క బల్ల జరిపి, కుర్చీతో సహా ఆ మనిషిని గోడపక్కకి లాగింది. సాయంత్రం మరదలు వచ్చి చూసి, చెప్పులు విప్పుతూ, "ఈవిడక్కూడా వండాలా వదినా?" అంది. మేనకోడలు చిన్నత్త అని పేరు పెట్టి, వెళ్లి ఆ ఒళ్లో తల పెట్టుకుని ఫోన్ చూసుకుంది. తమ్ముడొక్కడే కాస్త ఆలోచించాడు. మనుషులు పడరు కదా అని ఫైలు పెట్టి చూశాడు. హాలుంది, జనముంది, గుమ్మం పక్కన మాత్రం ఉత్త గోడ.

"నువ్వు అసలు కదల్లేదక్కా" అన్నాడు. "పొద్దుట్నుంచీ సామాన్ల దగ్గరే ఉన్నావు కదా. ఆ ప్రోగ్రాం నిన్నూ కుర్చీల్లో కలిపేసింది." రేపు మళ్లీ నిదానంలో పెట్టెయ్, లోపలికి వెళ్లిపోతుంది అని చెప్పి స్నానానికి వెళ్లాడు. తిడితే అంత బాధ కలిగేది కాదు. ఊపిరి కూడా ఎవరికీ అడ్డం రాకుండా తీసుకున్నానా నేను అనుకుంది అక్క.

మర్నాడు అందరూ వెళ్లిపోయాక డిస్కు ట్రేలో పెట్టింది, నిదానం దగ్గర ఆగింది. నొక్కబోయే ముందు మాట్లాడకుండా పంపెయ్యడం బాగోదనిపించి అటు తిరిగింది. ఏమైనా కావాలా అని అడిగింది.

నిన్నట్నుంచీ ఒక్క మాటా అనని మనిషి అప్పుడు నోరు విప్పింది. "భోజనాలు అయిపోయాయా?"

"ఏం?"

"ఎవరైనా ఒకళ్లొచ్చి ఇక్కడ కూర్చుంటే, వెళ్లి తినొస్తాను. పొద్దుట్నుంచీ ఏం తినలేదు. సామాన్ల దగ్గర మనిషి ఉండాలి కదా."

అక్కకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆఖరి పంక్తి దాకా చూసింది. అందరూ వస్తూ పోతూ పలకరించారు, ఇక్కడే ఉంటావుగా అని ఇంకో సంచి ఒళ్లో పెట్టి వెళ్లారు. లేచి తినిరా అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అడగడానికి తనకి నోరు రాలేదు. ఇంటికొచ్చాక అడుగు గిన్నెలో మిగిలింది తిని పడుకుంది. ఇన్నేళ్లలో దాని గురించి ఏడవాలని కూడా తోచలేదు. ఇప్పుడు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకోకుండానే వంటింట్లోకి వెళ్లి కంచంలో వడ్డించి తెచ్చింది.

"నేను చూస్తాను సామాన్లు. నువ్వు తిను" అంది.

ఆ మనిషి తింది. ఎంత ఆకలి మీద ఉందో, తలెత్తకుండా, రెండోసారి పెట్టించుకుని మరీ తింది. అక్క పెట్టెల మధ్య నిలబడి కాపలా కాసింది. చెయ్యి కడుక్కున్నాక ఆ మనిషి ఆవిడ మొహంలోకి పరకాయించి చూసింది.

"నువ్వు బాగా అలిసిపోయినట్టున్నావే. నీకెక్కడికైనా వెళ్లాలని ఉందా?"

"ఉంది" అంది అక్క. పైకి ఆ మాట అనడం అదే మొదటిసారి.

"మరి వెళ్లు. నేను కూర్చుంటాను. నా కడుపు నిండింది."

అక్క ఆ కంచం తీసుకెళ్లి కడిగి బోర్లించింది. నా బదులు ఇంకొకత్తెని కట్టేసి పోతున్నానా, అదీ నన్నేనా అని జాలి పీకింది. అయినా ట్రే బయటికి లాగి, డిస్కు తీసి, కవరులో పెట్టి, తన బట్టల సంచిలో అడుగున దోపింది, కంప్యూటర్లోకి ఎక్కించినదీ చెరిపేసింది. ఇక ఎవరూ నిదానంలో పెట్టడానికి లేదు. పిచ్చుకకి ఫోన్ చేసి, వస్తున్నాను, పొయ్యి దగ్గర నాకు చోటుంచు అంది.

తమ్ముడు ఇంట్లో మనిషి అనబోయి, గోడపక్క కుర్చీ చూసి ఆగిపోయాడు. మరి డిస్కుల సంగతో అన్నాడు. నువ్వు తీసిన డిస్కులేగా, నువ్వే తుడుచుకో, మధ్యలోంచి అంచుకి అంది అక్క. అతను స్టేషన్ దాకా సంచి మోసుకొచ్చాడు. రైలు కదులుతుంటే, అక్కా, ఆ రోజు నువ్వు తిన్నావా అని అడిగాడు. నిన్న తిన్నాలే అంది.

బేకరీలో పని గొడ్డుచాకిరీ. పిచ్చుక అబద్ధం చెప్పలేదు. రేకులు మోసి చేతులు లాగేవి, నిలబడి నిలబడి కాళ్లు పీకేవి, కానీ పొద్దెక్కేసరికి పాదాల వాపు తగ్గి చెప్పులు సరిగ్గా పట్టేవి. ఇంటినుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. తమ్ముడు పెళ్లిళ్లు తగ్గించుకుని తనే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడట, నడుం పట్టేసిందట. చిన్నత్త కుర్చీ దిగలేదట. అది విన్నప్పుడల్లా అక్క, ఆవిడకి వేళకి అన్నం పెడుతున్నారా అని అడిగేది.

ఒక సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. పిండి చేత్తోనే ఎత్తింది అక్క.

"అత్తా, ఇవాళ నాన్నకి నడుం నొప్పి ఎక్కువైంది, ఆస్పత్రికి వెళ్లాలన్నాడు. నేనూ తోడు వెళ్తున్నా. అమ్మింకా రాలేదు. చిన్నత్త ఉంటుందిలే అనుకున్నాం. తీరా చూస్తే తనే లేచి నా చెప్పులేసుకుంది. అలా నడిచొస్తానంది. ఇల్లు ఎవరు చూస్తారంటే, ఏమో నాకేం తెలుసు అంది. వీధి చివరిదాకా వెళ్లిపోయింది కూడా."

అక్క గోడకి ఆనుకుంది.

"అత్తా, వింటున్నావా? మన ఇంటి తాళం ఎక్కడుందో అడగమంటున్నాడు నాన్న."

"మన ఇంటికి తాళం లేదమ్మా" అంది అక్క. "ఎప్పుడూ అక్కర్లేకపోయింది. కొనుక్కోమను."